అత్త మీద కోపం దుత్త మీద: హోటల్ పనిలో వేధింపులు, మనసు, తోటివారికి సాయం – ఒక పరిశీలన



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, మొదట పట్టుదలతో పైకి వచ్చిన ఒకరి విజయగాథ రాద్దామనుకున్నాం. అలాంటివి మన సంచికలో ఏటా ఉంటాయి, ఉండాలి కూడా. కానీ సెలవులు ఇవ్వగానే మన హాస్టల్ నుంచి కొందరు ఇంటికి పోకుండా పెట్టె సర్దుకుని నేరుగా హోటళ్లలో పనికి పోతారన్న సంగతి మనందరికీ తెలుసు. పుస్తకాల డబ్బుల కోసం, చెల్లి ఫీజు కోసం, ఇంట్లో వడ్డీ కట్టడం కోసం. వారికి పనికొచ్చే పాఠం ఒకటి రాద్దామని ఈ విషయం ఎంచుకున్నాం.

మేమూ అలా పోయినవాళ్లమే. ఇదే హాస్టల్‌లో ఒకే గదిలో ఉండి, డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు అయిన మర్నాడే ముగ్గురం బస్సెక్కి విజయవాడలో ఒక టిఫిన్ హోటల్లో చేరాం. ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసినవాళ్లలో మొదటివాళ్లం మేమే. ఈ వ్యాసం రాసిన చెయ్యి ఒకటే అయినా అనుభవం ముగ్గురిది. అందుకే ‘మేము’ అంటున్నాం.

ఒక ఉదయం

ఆ హోటల్లో పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరి సలపదు. మా పని బల్లలు తుడవడం, ఎంగిలి ప్లేట్లు తీయడం. ఒకరోజు ఎనిమిదింటికే సాంబారు అయిపోవచ్చింది. కౌంటర్‌లో కూర్చున్న ఓనరు కస్టమర్లందరి ముందే మాస్టర్‌ని కేకలేశాడు: “ఇన్నేళ్లు పొయ్యి దగ్గరున్నావు, సాంబారు లెక్క తెలీదా?” మాస్టర్ ఏమీ అనలేదు. లోపలికి వచ్చి సప్లయర్ మీద పడ్డాడు: “ఆర్డరు ఒక్కటి సరిగ్గా చెప్పి చావవు కదరా!” సప్లయర్ గిరుక్కున తిరిగి మమ్మల్ని చూశాడు: “ఏరా, కాలేజీ చదివే చేతులు గదా, బల్ల తుడవడానికి వంగట్లేదా?”

మాకంటే కింద ఒక్కడే ఉన్నాడు. ఆ వారమే గిన్నెలు తోమడానికి చేరిన కొత్త కుర్రాడు. మా ఈడువాడే. రెండో విడత సాంబారు దిగగానే గుండిగ ముందుకు తెమ్మని అతనికి చెప్పారు. ఆ గుండిగకు ఒక పక్క పిడి వదులైపోయి రెండు రోజులైంది. మా ముగ్గురికీ తెలుసు. మేం ఎత్తేటప్పుడు మసిగుడ్డ మడిచి అడుగున పట్టుకునేవాళ్లం. అంతకు ముందురోజు ఇంకొకతను ఎత్తబోతే “అన్నా, పిడి చూసుకో” అని గుర్తుచేశాం కూడా.

ఆ ఉదయం మాత్రం నోరు విప్పలేదు. అతను పోవడం చూశాం, వంగడం చూశాం. పిడి జారింది. సాంబారు పాదం మీద, చీలమండ మీద పడింది.

“అతను అడగలేదు కదా, అందుకే చెప్పలేదు” అని ఆ రాత్రి మాలో మేం అనుకున్నాం. అడగడానికి ముందు అతనికి పిడి సంగతి తెలిసుండాలి కదా! పది రోజులు కాలికి గుడ్డ కట్టుకుని కుంటుకుంటూ పనిచేసి, ఆ కుర్రాడు ఊరికి వెళ్లిపోయాడు.

మేం ఎందుకు చెప్పలేదు? అతని మీద మాకు పగ లేదు, పిడి సంగతి మరచిపోనూ లేదు. ఈ ప్రశ్నకు జవాబు మాకు పి.జి. తరగతిలో దొరికింది. ఆ జవాబునే ఇక్కడ పాఠంగా చెబుతున్నాం.

వేధింపు అంటే ఏమిటి?

పని జోరులో ఎవరో ఒకసారి కసురుకుంటే అది వేధింపు కాదు. పొయ్యి దగ్గర వేడి, ముందు జనం. మాట తూలడం సహజం. మరి వేధింపు ఎక్కడ మొదలవుతుంది?

జర్మనీలో పుట్టి స్వీడన్‌లో పనిచేసిన హైన్జ్ లేమాన్ అనే మనస్తత్వవేత్త 1980ల నుంచి ఈ విషయాన్ని పరిశోధించాడు. దీనికి ఆయన ‘మాబింగ్’ అనే మాట వాడాడు. పక్షులు గుంపుగా చేరి ఒక శత్రుపక్షిని తరమడాన్ని జంతుశాస్త్రజ్ఞులు ఆ మాటతో పిలుస్తారు. పట్టపగలు బయటికి వచ్చిన గుడ్లగూబను కాకులన్నీ చుట్టుముట్టి పొడవడం మన ఊళ్లలో చూసే ఉంటారు, అదే. ఒక మనిషిని కనీసం వారానికి ఒకసారి చొప్పున కనీసం ఆరు నెలల పాటు, తనను తాను కాపాడుకోలేని స్థితిలోకి నెట్టి బాధపెడితే దానిని ఆయన వేధింపు అన్నాడు. అలాంటి చేష్టలు 45 రకాలుగా లెక్కగట్టాడు.

మా పని రెండు నెలలే. ఆ కొలత ప్రకారం మా అనుభవం వేధింపు కిందికి రాదు. కానీ ఏళ్ల తరబడి అక్కడే తిని, అక్కడే పడుకునేవారి సంగతి అది కాదు. హోటళ్లలో మేం చూసిన రూపాలు ఇవి:

1. కస్టమర్ల ముందు, తోటివారి ముందు అవమానించడం.
2. పేరుతో పిలవకుండా ఊరితోనో, ఒంటిరంగుతోనో, కులంతోనో పిలవడం.
3. సరిగ్గా అన్నం తినబోయే వేళకు పని చెప్పడం.
4. బరువు పని, ఎంగిలి పని ఎప్పుడూ ఒక్కరికే వేయడం.
5. పగిలిన గ్లాసుకు, లెక్కలో తేడాకు విచారణ లేకుండా ఒకరి జీతం కోయడం.
6. పనికి అవసరమైన సంగతిని కావాలని చెప్పకపోవడం.

ఈ ఆరోది మేం కల్పించింది కాదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టోలే ఐనార్సెన్, ఆయన తోటి పరిశోధకులు వేధింపును కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 2009లో ప్రచురించిన దాని సవరించిన రూపంలో 22 అంశాలు ఉన్నాయి. ‘పనికి కావలసిన సమాచారాన్ని దాచిపెట్టడం’ వాటిలో ఒకటి. తరగతిలో ఆ అంశం చదివినప్పుడు మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతవరకు ఆ హోటల్లో బాధపడినవాళ్ల జాబితాలోనే మమ్మల్ని మేం వేసుకున్నాం. బాధపెట్టినవాళ్ల జాబితాలోనూ మా పేర్లు ఉన్నాయని ఆరోజు తెలిసింది.

హోటల్ పనిలో ఇది ఎందుకు ఎక్కువ?

అమెరికాలో విలియం ఫుట్ వైట్ అనే సామాజిక శాస్త్రవేత్త షికాగో నగరంలోని హోటళ్లను పరిశీలించి 1948లో ఒక పుస్తకం ప్రచురించాడు. వంటవారు నైపుణ్యం గలవారు, ఎక్కువ జీతగాళ్లు. వడ్డించే ఆడవాళ్లు వారికంటే తక్కువ స్థాయివారు. కానీ పని నడిచే తీరు చూస్తే, పైవారైన వంటవాళ్లకు కిందివారైన వీళ్లు ఆర్డర్లు చెప్పాలి. “తొందరగా ఇవ్వండి” అంటే వంటవాడికి పౌరుషం. ఆలస్యమైతే కస్టమర్‌కు కోపం. రెంటి మధ్య నలిగి, వడ్డించే ఆడవాళ్లు పనిలోనే కన్నీళ్లు పెట్టుకున్న సందర్భాలను ఆయన రాశాడు. ఎనభై ఏళ్ల కిందటి షికాగో సంగతి ఇది. మన సప్లయర్ కిటికీ దగ్గర నిలబడి “మాస్టారూ, రెండు పెసరట్టు” అని మూడోసారి అరిచినప్పుడు లోపల్నుంచి వచ్చే జవాబు విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

రెండో కారణం నవ్వు. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల మీద చేసిన పరిశోధనను 1983లో పుస్తకంగా తెచ్చారు. కొన్ని ఉద్యోగాల్లో చేతులతో చేసే పనితో పాటు మనసుతో కూడా పని చేయాలి, లోపల ఏమున్నా పైకి నవ్వాలి, అదీ శ్రమే అని ఆమె చెప్పారు. సప్లయర్ పనీ అంతే. లోపల తిట్లు తిని బయటికి వచ్చి “ఏం కావాలి సార్?” అని నవ్వాలి. ఆ నవ్వు బల్ల దగ్గర ఖర్చయిపోతుంది. తోటివాడి వైపు తిరిగేసరికి మిగలదు.

మూడో కారణం ఉండే చోటు. ఆఫీసులో తిట్లు తిన్న మనిషి సాయంత్రానికి ఇంటికి పోతాడు. హోటల్ కుర్రాడు మిద్దె మీద రేకుల గదిలో, తిట్టినవాడి పక్కనే పడుకుంటాడు. కోపం చల్లారే చోటు ఉండదు. పైగా పండగకు ముందే తీసుకున్న అడ్వాన్సు ఉంటే పని మానేయడానికీ వీలుండదు.

మనసుకు ఏమవుతుంది?

హోవర్డ్ వైస్, రస్సెల్ క్రోపాంజానో అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. పనిచోట ప్రతిరోజూ జరిగే చిన్న చిన్న సంఘటనలే మనలో సంతోషం, కోపం, భయం, సిగ్గు పుట్టిస్తాయనీ, ఆ భావాలే తరువాత మన నడవడికను మారుస్తాయనీ దాని సారాంశం. జీతం ఎంత, పని గంటలెన్ని అన్నవి ముఖ్యమే. కానీ ఎనిమిదింటికి పడ్డ ఒక మాట ఎనిమిదింపావుకు మన చేతిని ఆపగలదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మంచి మూడ్, చెడ్డ మూడ్ ఒకే త్రాసుకు రెండు పళ్లేలని మనం అనుకుంటాం. 1988లో డేవిడ్ వాట్సన్, లీ అన్నా క్లార్క్, ఆక్ టెలెజెన్ అనే మనస్తత్వవేత్తలు మూడ్‌ను కొలవడానికి 20 మాటల పట్టిక ఇచ్చారు. ఉత్సాహం, చురుకుదనం, ఆసక్తి లాంటి మాటలు 10. భయం, సిగ్గు, చిరాకు లాంటి మాటలు 10. ఈ రెండింటినీ వేర్వేరుగా కొలవాలని వారన్నారు. అంటే భయం తగ్గినంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. హోటల్లో ఒకరోజు ఎవరూ తిట్టకపోతే మాకు భయం తగ్గేది, అంతే. మా అంతట మేం ఒక అడుగు ముందుకేసి పని అందుకోవాలంటే “శభాష్ రా” అన్న మాట ఒకటి కావాలి. తిట్టు మానడం ఒక పని, మెచ్చుకోవడం ఇంకో పని. రెండూ చేయాలి.

సాయం అంటే ఏమిటి?

ఏ హోటల్లోనూ “గుండిగ పిడి వదులైతే పక్కవాడికి చెప్పవలెను” అని పనుల జాబితాలో రాసి ఉండదు. చెప్పకపోతే జీతం కోయరు, చెబితే పెంచరు. ఇలా రాతలో లేకున్నా పనిని నిలబెట్టే నడవడికను డెన్నిస్ ఆర్గాన్ అనే అమెరికా ఆచార్యుడు లోతుగా చర్చించి 1988లో పుస్తకం రాశాడు. తోటివారికి సాయపడటం, ఎదుటివారికి ఇబ్బంది రాకుండా ముందే హెచ్చరించడం, చిన్న కష్టాలకు సణుక్కోకుండా సర్దుకోవడం వంటివి అందులో ఉన్నాయి.

హోటల్ భాషలో చెప్పాలంటే: గచ్చు మీద నూనె ఒలికితే “తమ్ముడూ, కాలు జారుద్ది” అనడం. చట్నీ అయిపోతోందని రుబ్బేవారికి ముందే చెప్పడం. జ్వరంగా ఉన్నవాడి బల్లలు రెండు మనం చూసుకోవడం. కొత్తవాడికి ఏ మసిగుడ్డ ఎక్కడుందో చూపించడం. ఇవన్నీ నిమిషంలో అయ్యే పనులు. ఇవి లేకపోతే మాత్రం ఏ హోటలూ ఒక్క పూట నడవదు.

తిట్టుకు, సాయానికి సంబంధం ఎలా?

మేం చదివింది, పడింది కలిపి చూస్తే నాలుగు దారులు కనిపించాయి.

ఒకటి: తిట్లు తిన్న మనసు తన చుట్టూనే తిరుగుతుంది. “నన్నెందుకన్నాడు? నేనేం చేశాను?” అని లోపల జవాబు చెప్పుకుంటూ ఉంటాం. కళ్లు చూస్తున్నా పక్కవాడు కనబడడు.

రెండు: భయం. తిట్లు పడుతున్నవాడి పక్కన నిలబడితే మనకూ పడతాయి. “వాడికి సాయం చేస్తావేం, నీకు పని లేదా?” అన్న మాట ఒక్కసారి వింటే చాలు, మళ్లీ ఆ పక్కకు పోము.

మూడు: లెక్క. “నాకెవరు చెప్పారు? నేనెందుకు చెప్పాలి?” మేం చేరినప్పుడు మాకెవరూ ఏదీ చూపలేదు. కాలినప్పుడే నేర్చుకున్నాం. కొత్తవాడూ అలాగే నేర్చుకోవాలని లోపల ఎక్కడో ఉంది. పడ్డ కష్టాన్ని న్యాయంగా భావించడం మొదలైతే, దానిని ఇంకొకరికి పంచడమూ న్యాయంగానే కనిపిస్తుంది.

నాలుగు: కోపం కిందికి జారడం. 1939లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ డాలర్డ్, ఆయన సహచరులు, కోపం తెప్పించినవారి మీద చూపలేని కోపం తేలికగా దొరికినవారి మీదికి మళ్లుతుందని రాశారు. మన పెద్దలు దీనికి పుస్తకం రాయకుండానే ‘అత్త మీద కోపం దుత్త మీద’ అన్నారు. ఓనరు కోపం మాస్టర్‌కు, మాస్టర్‌ది సప్లయర్‌కు, సప్లయర్‌ది మాకు. మేం ఎవరినీ తిట్టలేదు. మా చేతిలో ఉన్నది ఒక్క మాట. దాన్ని ఇవ్వకుండా ఉంచుకున్నాం. అదే మా తిట్టు.

ఈ జారుడు ఎక్కడ ఆగుతుందన్నది కూడా చూడాలి. చేరిన మొదటిరోజే మమ్మల్ని “ఏ ఊరు? ఎవరివాళ్లు?” అని అడిగారు. ఆ ప్రశ్న దేని కోసమో మనకు వివరించనక్కర్లేదు. ఎవరు పొయ్యి దగ్గర నిలబడాలి, ఎవరు తొట్టి దగ్గర కూర్చోవాలి అన్నది చాలాచోట్ల పనితనాన్ని చూసి కాక, ఆ జవాబును బట్టి నిర్ణయమవుతుంది. అందుకే తిట్ల నిచ్చెనలో చివరి మెట్టు మీద తరచూ మనవాళ్లే ఉంటారు. సాంబారు కాలిన ఆ కుర్రాడు కూడా మన లాంటి హాస్టల్‌లో చదివి మధ్యలో మానేసినవాడే. ఆ సంగతి అతను వెళ్లిపోయాక తెలిసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మూడ్ బాగుంటే సాయం దానంతట అదే వస్తుందని అనుకోకూడదు. 1972లో ఎలిస్ ఐసెన్, పాలా లెవిన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పబ్లిక్ ఫోన్ పెట్టెలో అనుకోకుండా చిల్లర నాణెం దొరికినవారు, ఎదుటివారి చేతిలోంచి జారిపడ్డ కాగితాలు ఏరడానికి ఎక్కువగా ముందుకొచ్చారని చూపారు. తరువాత అదే ప్రయోగాన్ని మళ్లీ చేసిన కొందరికి ఆ ఫలితం రాలేదు. అంటే మూడ్ ఒక్కటే మనిషిని నడపదు. దీనికి సాక్ష్యం మేం పుస్తకంలో కాదు, ఆ హోటల్లోనే చూశాం.

పెద్దమ్మ

అక్కడ అంట్లు తోమే పెద్దమ్మ ఒకామె ఉండేది. అందరికంటే ఎక్కువ తిట్లు ఆమెకే. ఆరోజు సాంబారు ఒలకగానే అందరూ “అయ్యో, సాంబారు పోయిందే” అంటుంటే, ఆమె మాత్రం బకెట్ నీళ్లు తెచ్చి ఆ కుర్రాడి కాలు అందులో పెట్టించింది. “ఎవరు చెప్పినా కాలు తియ్యమాక నాయనా” అంది. “గిన్నెలు ఎవరు తోముతారు?” అని లోపల్నుంచి కేక వినపడితే, “తోముతాలే బాబూ, పిల్లోడి కాలు కాలింది” అంది గానీ లేవలేదు. ఆ సాయంత్రం తన పాత చీర ముక్క చించి, గుండిగ పిడికి ఎర్రగా కనబడేలా కట్టింది. మాకు ఒక్క మాట కూడా అనలేదు.

మర్నాటి నుంచి కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆ ఎర్రగుడ్డ చూసి ఆగేవాళ్లు. మూడు నాలుగు రోజులకు మాస్టరే ఆ గుండిగ మాట్లు వేయించడానికి పంపాడు.

తిట్లు తిన్న మనిషి తిట్టే తీరాలని, సాయం మానే తీరాలని లేదని ఆ పెద్దమ్మ మాకు నేర్పింది. వేధింపు మన చేతిని వెనక్కి లాగుతుంది, అది నిజం. లాగుతోందని తెలిసినవాడు కొంతైనా ఎదురు లాగగలడు. తెలియనివాడు పోతూనే ఉంటాడు. ఈ పాఠం వల్ల ఉపయోగం అంతా ఇక్కడే ఉంది.

యజమానులు ఏం చేయవచ్చు?

భారమంతా కింది పనివారి మంచితనం మీద వేయడం న్యాయం కాదు. మరుసటి వేసవి మేం వేరే హోటల్లో చేశాం. అక్కడ జీతం వంద రూపాయలు తక్కువే. కానీ సప్లయర్ ఆర్డరు అరిచేవాడు కాదు. చీటీ రాసి కిటికీ దగ్గర మేకుకు గుచ్చేవాడు. మాస్టర్ వరసగా తీసి చూసుకునేవాడు. వైట్ తన పుస్తకంలో మెచ్చుకున్న ఏర్పాటు సరిగ్గా ఇదే: చీటీ మధ్యలో ఉంటే ఒకరు ఇంకొకరికి హుకుం ఇచ్చినట్టుండదు, పౌరుషానికి చోటుండదు. అలాగే షిఫ్టు మారేటప్పుడు అయిదు నిమిషాలు అందరూ నిలబడి ఏది పాడైందో, ఏది అయిపోయిందో చెప్పుకునేవారు. తప్పు చేసినవాడిని పక్కకు పిలిచి మందలించేవారు. జనం ముందు ఎవరినీ ఏమీ అనేవారు కాదు. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. అక్కడ మేం అడగకుండానే ఒకరికొకరం ఎన్ని చెప్పుకున్నామో లెక్కలేదు.

చట్టం ఏం చెబుతుంది?

పని చేసే ప్రతిచోటా హింస, వేధింపులు లేకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 జూన్‌లో 190వ ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2021 జూన్ 25న అమల్లోకి వచ్చింది. మన దేశంలో మనకు అక్కరకొచ్చే చట్టాలు కొన్ని:

1. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1989. నలుగురికీ కనబడే, వినబడే చోట కులం పేరుతో దూషించడం దీని కింద నేరం.
2. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు.
3. బాలకార్మిక చట్టం. 14 ఏళ్లలోపు పిల్లలను హోటళ్లలో, దాబాలలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధించారు. 2016 సవరణతో దాదాపు అన్ని పనులకూ ఈ నిషేధం వర్తిస్తుంది. అలాంటి పిల్లలు కనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు.

దిగులు ఎక్కువై నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేక ఉంటే టెలీ మానస్ 14416 నంబరులో ఉచితంగా మాట్లాడవచ్చు. అది సిగ్గుపడాల్సిన పని కాదు.

మన హాస్టల్ సంగతి

ఇదంతా హోటల్ కథ అనుకుని పేజీ తిప్పేయకండి. ర్యాగింగ్‌ను మన రాష్ట్రంలో 1997లోనే చట్టం చేసి నిషేధించారు. అయినా మెస్‌లో పెరుగు దగ్గర, బాత్రూము బకెట్ దగ్గర, మంచం పంపకం దగ్గర “మేం పడలేదా?” అన్న మాట మనం వింటూనే ఉంటాం. మేమూ అన్నాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తేదీ తెలిసి కూడా జూనియర్‌కు చెప్పకుండా ఊరుకున్న సీనియర్లు, మేం మా గుండిగ పిడి గురించి ఊరుకున్నట్టే ఊరుకున్నారు. పోయేది సాంబారు కాదు, ఒక సంవత్సరం.

ఈ సెలవులకు పనికి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు:

1. ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఎక్కడ పనిచేస్తున్నారో ఇంట్లో, హాస్టల్‌లో చెప్పి వెళ్లండి.
2. జీతం ఎంత, ఎప్పుడిస్తారు అన్నది మొదటిరోజే అడగండి. పని చేసిన రోజులు చిన్న పుస్తకంలో రాసుకోండి. తిట్టినవి, కోసినవి కూడా తేదీతో రాసుకోండి.
3. తిట్లు పడిన వెంటనే ఒక గ్లాసు నీళ్లు తాగి, “ఈ కోపం ఎవరిది? నేనెవరి మీద చూపబోతున్నాను?” అని మిమ్మల్ని మీరే అడగండి.
4. పక్కవాడు ముఖం తిప్పుకుంటే పొగరనుకోకండి. పొద్దున అతనికేం జరిగిందో కనుక్కోండి.

ముగింపు

ఆ కుర్రాడి అడ్రసు మా దగ్గర లేదు. క్షమించమని అడగడానికి వెళ్లలేం. అతనికి ఇవ్వాల్సిన ఆ ఒక్క మాట మా దగ్గరే ఉండిపోయింది. అందుకే దాన్ని మీకు ఇస్తున్నాం. మీకంటే కొత్తవాడు వేడి గిన్నె ఎత్తబోతుంటే, ఆ పూట మీకెన్ని తిట్లు పడినా సరే, అతను అడిగినా అడగకపోయినా, ఒక్క క్షణం ఆగి చెప్పండి:

“తమ్ముడూ, పిడి చూసుకో.”